ఆర్గ్ చార్ట్ ఆఖర్న గీయండి

పనిచేసేవాళ్లు ఐదుగురున్నంత కాలం ఏ వ్యాపారానికీ ఆర్గ్ చార్ట్, అంటే ఎవరు ఏ పనికి, ఎవరి కింద అని చూపించే బొమ్మ, అక్కర్లేదు, అందరూ ఒకే గదిలో ఉంటారు, కాస్త గట్టిగా పిలిస్తే పలుకుతారు. పదిహేను, ఇరవై మంది అయ్యాక మొదలవుతుంది గొడవ. ఒకే కస్టమర్‌కి ఇద్దరు ఫోన్ చేస్తారు, ఇంకో కస్టమర్‌కి ఎవరూ చెయ్యరు. అప్పుడు ఓనర్ ఏం చేస్తాడంటే, ఒక తెల్ల కాగితం తీసుకుని పైన తన పేరు రాసుకుంటాడు, కింద నాలుగు డబ్బాలు గీసి సేల్స్, ప్రొడక్షన్, అకౌంట్స్, హెచ్ఆర్ అని రాస్తాడు, ఉన్నవాళ్లని వాటిలో సర్దేస్తాడు, ఆ తర్వాత ఒక్కో డబ్బాకి ఒక్కో టార్గెట్ ఇస్తాడు. పోటీ సంగతి మాత్రం, అవతలి కంపెనీ రేటు తగ్గించిందని తెలిసిన రోజున గుర్తొస్తుంది.

నేనూ సరిగ్గా ఇదే చేశాను. ఇంకో ఇద్దరితో కలిసి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీ నడిపిన రోజుల్లో ముందు చార్ట్ గీశాం, తర్వాత టార్గెట్లు పెట్టాం, పోటీ గురించి కూర్చుని ఆలోచించింది లేదు. ఆ వరస తలకిందులుగా ఉందని తెలిసేసరికి దాదాపు రెండేళ్లు గడిచాయి, నలుగురు మంచి మనుషులు రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. అందుకే ఇక్కడ వరస మార్చి చెబుతున్నాను: ముందు పోటీ, తర్వాత టార్గెట్, ఆఖర్న చార్ట్. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. ఆల్ఫ్రెడ్ చాండ్లర్ అనే అమెరికన్ వ్యాపార చరిత్రకారుడు డ్యూపాంట్, జనరల్ మోటార్స్, సియర్స్ లాంటి పెద్ద కంపెనీల పాత రికార్డులు తిరగేసి 1962లోనే తేల్చాడు, వ్యూహం ముందు నడుస్తుంది, కంపెనీ నిర్మాణం దాని వెనక వస్తుంది అని. మీది పది మంది వ్యాపారమైనా, పెద్ద కంపెనీలో మీ చేతికింద ఉన్న ఒక్క డిపార్ట్‌మెంట్ అయినా ఈ వరస పనికొస్తుంది.

మీ దగ్గరికే ఎందుకు రావాలి?

మొదటి పని, ఈ ప్రశ్నకి ఒక్క వాక్యంలో జవాబు రాయడం. కస్టమర్ మీ దగ్గరే ఎందుకు కొనాలి? "మా నాణ్యత బాగుంటుంది, మా సర్వీస్ బాగుంటుంది" అని రాస్తే కొట్టేయండి. దానికి ఒక చిన్న పరీక్ష ఉంది. మీరు రాసిన వాక్యాన్ని తిరగేసి చదవండి. తెలివున్న వ్యాపారి ఎవరైనా "మా నాణ్యత బాగోదు" అని ఎంచుకుంటాడా? ఎంచుకోడు కదా, అంటే మీరు రాసింది ఎంపిక కాదు, ఉత్తి మర్యాద మాట. అదే "మేము ఒక్క ఆసుపత్రులకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం" అని రాస్తే, దాన్ని తిరగేసి "మేము అన్ని రకాల వ్యాపారాలకీ చేస్తాం" అని ఇంకొకరు హాయిగా ఎంచుకోవచ్చు. అది ఎంపిక.

వ్యాపార వ్యూహాల మీద రాసిన అమెరికన్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1980లో ఈ ఎంపికలని మూడుగా విడదీశాడు, ఇప్పటికీ దీనికంటే పనికొచ్చే విభజన నాకు కనపడలేదు. అందరికంటే తక్కువ ఖర్చుతో చెయ్యడం ఒకటి, వేరెవరూ ఇవ్వనిది ఇచ్చి ఎక్కువ ధర అడగడం రెండోది, ఒక చిన్న వర్గాన్ని పట్టుకుని వాళ్లకి మాత్రమే చెయ్యడం మూడోది. వీటిలో ఏదీ తేల్చుకోకుండా కాస్త చవగ్గా, కాస్త వేరుగా, కాస్త అందరికీ అని నడిపేవాళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది మొదటిదాని దగ్గర. తక్కువ ధరకి అమ్మడం వేరు, తక్కువ ఖర్చుతో చెయ్యడం వేరు. మొదటిది ఎవడైనా రేపు పొద్దున్నే చెయ్యగలడు, రేటు బోర్డు మారిస్తే చాలు. రెండోదానికి మొత్తం కంపెనీని దాని చుట్టూ కట్టాలి. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 1971లో విమానాలు నడపడం మొదలుపెట్టింది. దాదాపు మొత్తం బోయింగ్ 737లే వాడింది, దాంతో పైలట్లకి ఒకటే ట్రైనింగ్, మెకానిక్కులకి ఒకటే పని, స్టోర్‌లో ఒకే రకం స్పేర్ పార్టులు. భోజనం పెట్టలేదు, దశాబ్దాల పాటు సీటు నంబర్లు కూడా ఇవ్వలేదు. ఇవన్నీ కలిస్తే విమానం దిగిన కాసేపటికే మళ్లీ ఎగురుతుంది, ఎక్కువసేపు గాల్లో ఉంటుంది, గాల్లో ఉంటేనే కదా దానికి సంపాదన. 1993లో కాంటినెంటల్ అనే పెద్ద ఎయిర్‌లైన్ దీన్ని చూసి కాంటినెంటల్ లైట్ అని ఒక చవక సర్వీసు పెట్టింది. భోజనాలు తీసేసింది, టికెట్ రేట్లు తగ్గించింది, కానీ పక్కనే తన పాత ఖరీదైన సర్వీసునీ అదే కంపెనీలో నడుపుకుంటూ పోయింది. 1995కల్లా మూసేసింది. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం అంటే ఇదే, పైకి కనపడే చారలు కాపీ కొట్టారు, లోపలున్న ఒంటిని కాదు.

కాబట్టి మీ వాక్యం రాశాక దాని కింద మూడు లైన్లు "మేము ఇది చెయ్యం" అని మొదలయ్యేవి రాయండి. ఐకియా ఫర్నిచర్ విడివిడి ముక్కలుగా చదునైన పెట్టెల్లో అమ్ముతుంది, 1950ల నుంచీ అదే పద్ధతి. ఇంటికెళ్లి బిగించుకునే శ్రమ కస్టమర్‌దే. బిగించి ఇమ్మని అడిగే కస్టమర్‌ని కొంతవరకు వదులుకుంటున్నామని వాళ్లకి తెలుసు, తెలిసే చేశారు. ఈ మూడు లైన్లు రాయడానికి చెయ్యి రాకపోతే మీరింకా ఏదీ ఎంచుకోలేదన్నమాట. మా పార్ట్‌నర్లలో ఒకాయన ఈ కాగితం చూసి "వచ్చే డబ్బు వద్దనడం ఏంటి" అని వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆయన్ని తప్పు పట్టలేను, నెలాఖర్లో జీతాలు ఇవ్వాల్సిన మనిషికి అలాగే అనిపిస్తుంది.

రెండో పని, మీ పోటీ ఎవరో కనుక్కోవడం. ఇది కూర్చుని ఊహిస్తే తెలియదు. ఈ మధ్య చేజారిన పది ఆర్డర్లు తియ్యండి, ఆ పది మందికీ ఫోన్ చేసి, అమ్మే ప్రయత్నం పొరపాటున కూడా చెయ్యకుండా, ఒకటే అడగండి: చివరికి ఏం చేశారు? మేము చేసినప్పుడు, మేము రోజూ తిట్టుకునే పోటీ కంపెనీకి పోయింది మూడే. నలుగురు అసలు కొనడమే మానుకున్నారు, ఇద్దరు తమ ఆఫీసులో కుర్రాడితో ఎక్సెల్‌లో చేయించుకుంటున్నారు, ఒకరు మా దగ్గర మానేసి వెళ్లిన ఉద్యోగికే ఇచ్చారు. పోర్టర్ 1979లో చెప్పిన ఐదు ఒత్తిళ్లు ఇవే మరి: ఇప్పుడున్న పోటీదారులు, కొత్తగా దిగేవాళ్లు, మీ పనికి బదులుగా వాడుకునే వేరే మార్గాలు, మీ మీద పట్టున్న సప్లయర్లు, బేరమాడే బలమున్న కస్టమర్లు. లాభం ఈ ఐదు వైపుల నుంచీ కారిపోతుంది. మనం ఒక్క మొదటివాణ్ణే చూస్తూ కూర్చుంటాం.

రేటు తగ్గించే ముందు ఈ లెక్క చూడండి

అవతలివాడు పది శాతం తగ్గించాడు, మనమూ తగ్గిద్దాం అని సేల్స్ వాళ్లు వచ్చి కూర్చున్నప్పుడు ఒక కాగితం తియ్యండి. మీ ధర 100, ఒక్కో ఆర్డర్‌కి అయ్యే ఖర్చు 70, మిగిలేది 30 అనుకుందాం. ధర 90 చేస్తే మిగిలేది 20. ఇంతకుముందు మిగిలినంతే మిగలాలంటే ఇప్పుడు ఒకటిన్నర రెట్లు అమ్మాలి. అంటే పది శాతం తగ్గింపుకి యాభై శాతం ఎక్కువ అమ్మకం, అదీ ఉన్నచోట ఉండటానికే. అటువైపు కూడా చూడండి, ధర 110 చేస్తే మిగిలేది 40, పాతిక శాతం కస్టమర్లు పోయినా మీ లాభం తగ్గదు. ఈ లెక్క మీ అంకెలతో ఒకసారి వేసుకుని గోడకి అంటించుకోండి. రేటు తగ్గించడం ఎప్పుడూ తప్పని కాదు, మీ ఖర్చు నిజంగా అవతలివాడికంటే తక్కువైతే బ్రహ్మాండంగా తగ్గించండి, కాకపోతే మాత్రం ఎవడి క్యాష్ ముందు అయిపోతుందా అని చూసే ఆట అది.

దీనికంటే మంచి దెబ్బ ఒకటుంది. అవతలివాడు మిమ్మల్ని కాపీ కొట్టాలంటే తన సొంత ఆదాయాన్నే కోసుకోవాల్సిన చోటు వెతకండి. బ్లాక్‌బస్టర్ అనే వీడియో అద్దె కంపెనీకి సినిమాలు ఆలస్యంగా తిరిగిచ్చేవాళ్ల దగ్గర వసూలు చేసే ఫైన్ పెద్ద ఆదాయం. నెట్‌ఫ్లిక్స్ 1999లో నెలవారీ చందా పెట్టి, ఎన్నాళ్లైనా ఉంచుకోండి ఫైన్ లేదు అంది. బ్లాక్‌బస్టర్ కూడా ఫైన్ తీసెయ్యొచ్చు, ఎవరు వద్దన్నారు? తీసేస్తే ఆ ఆదాయం పోతుంది. 2005 దాకా ఆగి అప్పుడు తీసింది, 2010లో దివాలా పిటిషన్ వేసింది. కథలో ఇంకా చాలా కారణాలున్నాయి, అప్పులు, బోర్డులో గొడవలు, అన్నీనూ, కానీ చిన్నవాడు పెద్దవాడి మీద ఎక్కడ నిలబడాలో చూపించడానికి ఈ ఒక్కటి చాలు.

పోటీ అంటే శత్రుత్వం అనుకోవక్కర్లేదు. ఫోన్లు అమ్మడంలో శాంసంగ్, ఆపిల్ ఎంత కొట్టుకున్నా ఆపిల్ ఫోన్ల స్క్రీన్లలో చాలా భాగం శాంసంగ్ కంపెనీయే సప్లై చేసింది. ఒక్క గీత మాత్రం దాటకండి, పోటీవాళ్లతో కూర్చుని ధర ఇంత అని మాట్లాడుకోవడం చాలా దేశాల్లో నేరం. అమెరికాలో ఆ చట్టం 1890 నాటిది.

టార్గెట్ పెట్టడం

ఇప్పుడు పోటీ వాక్యం చేతిలో ఉంది కాబట్టి టార్గెట్ దాంట్లోంచే రావాలి. ఇది వినడానికి మామూలుగా ఉంటుంది గానీ చేసేటప్పుడు చాలామంది "పోయినేడు ఇంత, ఈ ఏడు ఇరవై శాతం ఎక్కువ" అని రాసి ముగించేస్తారు. ఆ ఇరవై ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు.

ఎవరో పైనుంచి అంకె పడేయడం కాదు, పనిచేసే మేనేజరే తన లక్ష్యాన్ని రాసుకుని, పైవాళ్లతో మాట్లాడి ఒప్పించుకోవాలి అని మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రక్కర్ 1954లోనే గట్టిగా చెప్పాడు. దాన్ని చిప్‌లు చేసే ఇంటెల్ కంపెనీలో, దాన్ని నడిపిన ఆండీ గ్రోవ్ పదును పెట్టాడు: ఎక్కడికి వెళ్లాలి అన్నది ఒక వాక్యం, చేరామని ఎలా తెలుస్తుంది అన్నది మూడు నాలుగు అంకెలు. అక్కడ పనిచేసిన జాన్ డోర్ 1999లో దాన్ని గూగుల్‌కి పట్టుకెళ్లాడు, అప్పటికి గూగుల్ పుట్టి ఏడాదే. ఇప్పుడు అందరూ ఓకేఆర్ (ఆబ్జెక్టివ్స్ అండ్ కీ రిజల్ట్స్, లక్ష్యాలూ వాటి కీలక ఫలితాలూ) అంటున్నది అదే. పేరు ఏదైనా పర్వాలేదు, పద్ధతి ఇలా పెట్టుకోండి.

మూడు నెలలకి మూడే లక్ష్యాలు. నాలుగోది వస్తే ఉన్నవాటిలో ఒకటి పోవాలి. ప్రతిదానికీ ఒక అంకె, ఒక తేదీ, ఒక మనిషి పేరు. "టీమ్" అని రాయకండి, ఇద్దరి పేర్లూ రాయకండి. ఇద్దరిది అంటే ఎవరిదీ కాదు. తర్వాత, ఫలితం అంకెనీ పని అంకెనీ విడిగా రాయండి. పాత కస్టమర్లలో నూటికి 40 మంది మళ్లీ కొంటున్నారు, దాన్ని 55 చెయ్యాలి అన్నది ఫలితం, అది మూడు నెలల తర్వాత గానీ తెలియదు, తెలిసేటప్పటికి చెయ్యడానికి ఏమీ మిగలదు. డెలివరీ అయిన వారంలోపు ప్రతి కస్టమర్‌కీ ఫోన్ చెయ్యాలి అన్నది పని, అది ఈ శుక్రవారమే లెక్కపెట్టొచ్చు. మీటింగుల్లో పని అంకె చూడండి, ఫలితం అంకె మూడు నెలలకోసారి చూడండి.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఏ అంకెకైతే జీతం, బోనస్, ఉద్యోగం ముడిపెడతారో ఆ అంకె కచ్చితంగా పెరుగుతుంది. మీకు కావలసింది పెరుగుతుందా లేదా అన్నది వేరే సంగతి. ఇంగ్లండు ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లో బ్యాంకుల డబ్బు లెక్కల గురించి ఇలాంటి మాటే అన్నాడు, ఇప్పుడది ఆయన పేరుతోనే చలామణీ అవుతోంది. దీనికి అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు కంటే పెద్ద పాఠం అక్కర్లేదు. ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ప్రోడక్టులు అమ్మాలని టార్గెట్. బ్రాంచిలో కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి రోజూ సాయంత్రం లెక్క చెప్పాలి, చెప్పలేకపోతే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. వాళ్లేం చేశారు, కస్టమర్లకి తెలియకుండానే వాళ్ల పేర్ల మీద ఖాతాలు తెరిచేశారు. 2016 సెప్టెంబరులో బయటపడింది, 18.5 కోట్ల డాలర్ల జరిమానా, అప్పటికే సుమారు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, తర్వాతి నెల సీఈఓ దిగిపోయాడు, 2020లో ఇంకో 300 కోట్ల డాలర్లు కట్టారు. ఆ 5,300 మందీ పుట్టుకతో మోసగాళ్లంటే నేను నమ్మను. అంత మంది ఒకే తప్పు చేశారంటే తప్పు ఆ అంకెలో ఉంది.

తప్పించుకునే మార్గం గ్రోవ్ చెప్పినదే, అంకెల్ని జంటగా పెట్టడం. ఎన్ని కొత్త ఖాతాలు అన్న పక్కనే మూడు నెలల తర్వాత వాటిలో ఎన్ని నిజంగా వాడుకలో ఉన్నాయి అన్నది. ఎన్ని ఆర్డర్లు తెచ్చారు అన్న పక్కనే ఎంత డబ్బు చేతికొచ్చింది అన్నది. మొదటి అంకెని అడ్డదారిలో పెంచితే రెండోది పడిపోయేలా జత కలపాలి, అదే కిటుకు. మా కంపెనీలో సేల్స్ వాళ్లకి ఆర్డర్ విలువ మీద కమిషన్ ఇచ్చాం, వాళ్లు కస్టమర్ ఏమడిగితే అది "అయిపోతుంది సార్" అని ఒప్పుకుని వచ్చారు, చేసేవాళ్లు అర్ధరాత్రి దాకా కూర్చున్నారు, ఆ వెళ్లిపోయిన నలుగురిలో ముగ్గురు వాళ్లే. కమిషన్‌ని వసూలైన డబ్బు మీదకి మార్చిన నెలలోనే సేల్స్ వాళ్లు కస్టమర్‌తో "అది ఇందులో రాదండి" అనడం నేర్చుకున్నారు. ఎవరికీ క్లాసు పీకాల్సిన అవసరం రాలేదు.

అన్నట్టు, వసూలు సంగతి వచ్చింది కాబట్టి, మీ మూడు లక్ష్యాల్లో ఒకటి క్యాష్‌కి సంబంధించింది ఉండి తీరాలి. జీతాలు ఈ నెల ఇస్తారు, కస్టమర్ రెండు నెలలకి ఇస్తాడు. అమ్మకాలు రెండింతలైతే బయట చిక్కుకున్న డబ్బూ రెండింతలవుతుంది. లాభాల్లో ఉండి కూడా జీతాలకి అప్పు తేవాల్సిన పరిస్థితి అలాగే వస్తుంది. బకాయిలు సగటున ఎన్ని రోజులకి వసూలవుతున్నాయి అన్న ఒక్క అంకె ప్రతి వారం చూసుకుంటే చాలా రాత్రులు టెన్షన్ లేకుండా నిద్రపడుతుంది.

లక్ష్యాన్ని వదిలెయ్యడం కూడా టార్గెట్ పెట్టడంలో భాగమే, దీని గురించి ఎవరూ చెప్పరు. ఇంటెల్ మొదట మెమరీ చిప్‌ల కంపెనీ. జపాన్ కంపెనీలు ఆ మార్కెట్‌ని లాగేసుకుంటుంటే 1985లో గ్రోవ్ తన పైనున్న గోర్డన్ మూర్‌ని అడిగాడు, బోర్డు మనల్ని తీసేసి కొత్త సీఈఓని తెస్తే అతనేం చేస్తాడు అని. మెమరీ నుంచి బయటికొచ్చేస్తాడు అన్నాడు మూర్. మరి మనమే తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చి ఆ పని ఎందుకు చెయ్యకూడదు అని గ్రోవ్. ప్రాసెసర్ల మీద పడ్డారు, ఆ తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. మూడు నెలలకోసారి మీరు చేస్తున్న ప్రతి పెద్ద పని గురించీ ఈ ప్రశ్న వేసుకోండి: ఇది ఇప్పటిదాకా లేకపోయి ఉంటే, ఇవాళ కొత్తగా మొదలుపెడతామా?

ఇప్పుడు గీయండి చార్ట్

చార్ట్‌కి మనుషుల పేర్లతో మొదలుపెట్టకండి, నిర్ణయాలతో మొదలుపెట్టండి. పోయిన నెలలో కంపెనీలో జరిగిన ఇరవై నిర్ణయాలు రాయండి, చిన్నవీ పెద్దవీ: డిస్కౌంట్ ఎంత ఇవ్వాలి, డబ్బు వాపసు ఇవ్వాలా, ఈ కుర్రాణ్ణి తీసుకోవాలా, అరువు ఇవ్వాలా, డెలివరీ తేదీ ఎవరు చెప్పాలి. ఒక్కోదాని పక్కన మూడు గళ్లు: తేల్చేది ఎవరు, ముందు ఎవర్ని అడగాలి, తర్వాత ఎవరికి చెబితే చాలు. మొదటి గడిలో ఒక్క పేరే ఉండాలి. ఇది నిజాయితీగా నింపితే ఇరవైలో పద్నాలుగింట్లో మీ పేరే కనిపిస్తుంది, మీరు లేని రోజు పని ఎందుకు ఆగుతోందో అప్పుడు అర్థమవుతుంది. వాటిలో సగమైనా, ఆ పనికి దగ్గరగా ఉన్న మనిషికి దించండి. టొయోటా ఫ్యాక్టరీల్లో లైన్ మీద పనిచేసే కార్మికుడికి ఏదైనా తప్పు కనిపిస్తే తాడు లాగి హెచ్చరించే అధికారం ఉంటుంది, వెంటనే సరికాకపోతే లైన్ ఆగుతుంది. అంత ఖరీదైన నిర్ణయం అట్టడుగున ఉంది. మీ దగ్గర చిన్న డిస్కౌంట్‌కి ముగ్గురి అప్రూవల్ కావాలా?

ఇక ఆకారం. పెద్దగా చూస్తే రెండే దార్లు. పనిని బట్టి విడగొట్టడం, అంటే సేల్స్ అంతా ఒకచోట, తయారీ అంతా ఒకచోట. లేదా ప్రోడక్ట్‌నో కస్టమర్ వర్గాన్నో బట్టి విడగొట్టడం, ఒక్కో ముక్కకి తన సేల్స్, తన తయారీ, తన లాభనష్టాల లెక్క. ఏది మంచిది అని అడగడం తప్పు ప్రశ్న, మీరు దేనితో గెలవాలనుకుంటున్నారు అన్నదే అసలు ప్రశ్న.

ఫోర్డ్, జనరల్ మోటార్స్ కథ చూడండి. హెన్రీ ఫోర్డ్ 1908లో మోడల్ టి తెచ్చినప్పుడు దాని ధర 850 డాలర్లు. 1913లో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, ఒక ఛాసిస్ (కారు అడుగు చట్రం) బిగించడానికి పట్టే టైమ్ పన్నెండున్నర గంటల నుంచి గంటన్నరకి పడిపోయింది, 1920ల మధ్యకి ధర 300 డాలర్ల లోపుకి వచ్చింది. ఒకే కారు, ఒకే లైన్, ఒకే మనిషి మాట. తక్కువ ఖర్చుతో గెలవాలనుకున్నవాడికి అది సరైన ఆకారమే, కావాలని కట్టుకున్నది. కానీ ఈలోగా కస్టమర్ మారాడు. మొదటి కారు కొనేసిన వాడు రెండోది కొంటున్నాడు, వాడికి రంగు కావాలి, కారుకి గట్టి పైకప్పు కావాలి, పక్కింటివాడి కారుకంటే ఒక మెట్టు పైన కావాలి. 1923లో జనరల్ మోటార్స్ పగ్గాలు పట్టిన ఆల్ఫ్రెడ్ స్లోన్ ప్రతి జేబుకీ ఒక కారు అన్నాడు, కింద షెవ్రొలే, పైన కాడిలాక్, మధ్యలో మిగతావి, ఒక్కోదానికి ఒక్కో డివిజన్, ఒక్కో అధిపతి, ఒక్కో లెక్క, డబ్బు పంచే అధికారం మాత్రం కేంద్రంలో. ఫోర్డ్ కోటిన్నర మోడల్ టిలు తయారుచేసి 1927లో ఆపేశాడు, కొత్త మోడల్ కోసం నెలల తరబడి ఫ్యాక్టరీలు మూసుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే అక్కడి మెషీన్లూ మనుషులూ అధికారమూ అన్నీ ఆ ఒక్క కారు చుట్టూనే పేరుకుని ఉన్నాయి.

ఇది విని వెంటనే డివిజన్లు పెట్టెయ్యకండి. స్టీవ్ జాబ్స్ 1997లో ఆపిల్‌కి తిరిగొచ్చినప్పుడు సరిగ్గా దీనికి ఎదురు పని చేశాడు, విడివిడి డివిజన్ల అధిపతుల్ని తీసేసి, డిజైన్ అంతా ఒకరి కింద, హార్డ్‌వేర్ అంతా ఒకరి కింద, మొత్తం కంపెనీకి ఒకటే లాభనష్టాల లెక్క పెట్టాడు. తక్కువ రకాలు, ఒక్కోటీ లోతుగా అన్నది ఆయన పందెం, దానికి ఆ ఆకారం సరిపోయింది. చిన్న వ్యాపారానికైతే నా ఓటు పనిని బట్టి విడగొట్టడానికే. డివిజన్లంటే ప్రతిదానికీ రెండేసి మనుషులు, అంత మంది మీ దగ్గర లేరు. రెండు రకాల కస్టమర్లకి పూర్తిగా రెండు రకాల పని అవసరమైన రోజున ఆలోచించండి. ఒక మనిషికి ఇద్దరు బాసులుండే మ్యాట్రిక్స్ జోలికి మాత్రం వెళ్లకండి, దాన్ని నడపడానికే ఒక డిపార్ట్‌మెంట్ కావాలి.

ఎంత మంది అన్నది ఇంకో లెక్క. ఐదుగురున్న చోట ఎవరు ఎవరితో మాట్లాడాలి అన్న జంటలు 10. పది మంది అయితే 45. ఇరవై మంది అయితే 190. మనుషులు రెండింతలైతే మాటలు నాలుగింతలు దాటుతున్నాయి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నది ఊరికే అనలేదు. గోర్‌టెక్స్ బట్ట చేసే గోర్ కంపెనీ ఈ కారణంగానే ఒక ఫ్యాక్టరీలో ఇన్నూరు మంది దగ్గరపడితే దాన్ని పెంచకుండా పక్కన ఇంకోటి కట్టుకుంటూ వచ్చింది. మీరు గీత ఎక్కడ గీయాలి అంటే, పని చేతులు మారడం ఎక్కడ తక్కువో అక్కడ. రోజుకి పదిసార్లు ఒకరినొకరు అడగాల్సిన ఇద్దర్ని వేర్వేరు మేనేజర్ల కింద పెడితే ఆ పదిసార్లూ మెయిల్ అవుతుంది, ఆ మెయిల్ కాపీ మేనేజర్లకి పోతుంది, ఆ కాపీ గొడవవుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది 1968 నుంచీ తెలుసు, మెల్విన్ కాన్వే అనే ప్రోగ్రామర్ చెప్పినట్టు టీమ్‌లు ఎలా విడిపోయి ఉంటే తయారయ్యే సిస్టమ్ కూడా అలాగే ముక్కలై ఉంటుంది.

ఏ పని ఇంట్లో చేసుకోవాలి, ఏది బయట చేయించుకోవాలి అన్నది కూడా చార్ట్ ప్రశ్నే. మార్కెట్లో ప్రతిదానికీ మనిషిని వెతకడం, బేరమాడటం, కాగితం రాసుకోవడం ఖర్చుతో కూడిన పని కాబట్టే అసలు కంపెనీలు పుట్టాయి అన్నాడు ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1937లో, చాలా ఏళ్ల తర్వాత 1991లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. మీ పోటీ వాక్యంలో ఉన్న పని లోపల ఉంచండి, ఎంత ఖర్చైనా సరే. మిగతావి బయటివాళ్లకి ఇవ్వొచ్చు, కాకపోతే ఒక్కడికే ఇవ్వకండి.

పెట్టెలన్నీ గీశాక పేర్లు రాయండి, పెన్సిల్‌తో. ఒక పెట్టెకి సరిపోయే మనిషి లేకపోతే ఖాళీగా ఉంచి ఖాళీ అని రాయండి, ఉన్నవాళ్లని చూసి పెట్టె మార్చకండి. చార్ట్ గ్రూపులో పెట్టే ముందు, స్థానం మారుతున్న ప్రతి ఒక్కరితో విడిగా కూర్చుని మీరే చెప్పండి. మేము ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్‌లో పంపించేశాం. తన టీమ్ ఇంకొకరి కిందకి పోయిందన్న సంగతి ఒకమ్మాయి ఇంటికి వెళ్తూ బస్సులో చదువుకుంది, ఆ నలుగురిలో నాలుగో మనిషి ఆవిడే.